యూనిట్ 14: దెబ్బ తగిలితే హయాటస్ హెర్నియా వస్తుందా? ఉదరవితానం, గాయం, కారణ నిర్ణయం

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ఉదరవితానం నిర్మాణాన్ని, దానిలోని ముఖ్యమైన రంధ్రాలను వివరించగలుగుతారు.
• హయాటస్ హెర్నియాకూ, గాయం వల్ల ఏర్పడే ఉదరవితాన హెర్నియాకూ ఉన్న భేదాన్ని గుర్తించగలుగుతారు.
• శరీరానికి తగిలిన దెబ్బ ఈ రెండింటికీ ఎంతవరకు కారణం కాగలదో చెప్పగలుగుతారు.
• 'ఇది జరిగిన తరువాత అది వచ్చింది' అనడానికీ, 'ఇది అందుకు కారణం' అనడానికీ మధ్య ఉన్న తేడాను ఆరోగ్య విషయాలకు అన్వయించగలుగుతారు.

14.1 పరిచయం

ఖమ్మం నుంచి వైరా, తల్లాడల మీదుగా సత్తుపల్లి వైపు వెళ్లే రహదారిని ఊహించుకోండి. లారీలు, ధాన్యం ట్రాక్టర్లు, మిర్చి బస్తాలతో వెళ్లే ఆటోలు, ద్విచక్ర వాహనాలు అన్నీ ఆ దారిమీదే వెళ్తాయి. రోడ్డుకు ఇరువైపులా పొలాలు, తాటిచెట్లు కనిపిస్తాయి. ఇంకా ముందుకు పోతే సత్తుపల్లి, కొత్తగూడెం బొగ్గు గనులు, ఆ పైన భద్రాచలం అడవులు వస్తాయి. ఇలాంటి ప్రాంతంలో ఛాతీకి, పొట్టకు దెబ్బలు తగలడం అరుదేమీ కాదు. ట్రాక్టర్ బోల్తా పడుతుంది. మోకు జారి గీత కార్మికుడు కింద పడతాడు. ఎద్దు కొమ్ముతో పొడుస్తుంది. ద్విచక్ర వాహనం హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటుంది.

అలా దెబ్బ తిన్న వ్యక్తికి కొన్ని నెలల తరువాత ఛాతీలో మంట మొదలైందనుకుందాం. ఎండోస్కోపీ చేసిన డాక్టరు 'హయాటస్ హెర్నియా ఉంది' అని రాస్తారు. ఇంట్లో వాళ్లు వెంటనే 'ఆ రోజు పడ్డ దెబ్బవల్లే ఇది వచ్చింది' అంటారు. అది నిజమేనా?

ఈ ప్రశ్నకు 'అవును' అనో 'కాదు' అనో ఒక్క మాటలో జవాబు చెబితే రెండు వైపులా నష్టం ఉంది. ప్రతి ఛాతీ మంటనూ పాత దెబ్బకు ముడిపెడితే అసలు కారణానికి చికిత్స జరగదు. 'దెబ్బకూ దీనికీ సంబంధమే లేదు' అని కొట్టిపారేస్తే, నిజంగా ఉదరవితానం చిరిగి ఉన్న రోగి ఏళ్ల తరబడి 'గ్యాస్' మాత్రలు మింగుతూ చివరకు ప్రాణాపాయంలో పడవచ్చు. అందుకే ఈ ప్రశ్నను విడమరచి చూడాలి.

14.2 ఉదరవితానం: నిర్మాణం, పని

ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగు ఆకారంలో పరుచుకుని ఉన్న పలుచని కండరమే ఉదరవితానం. దీన్ని కొన్ని పుస్తకాల్లో విభాజక పటలం అని కూడా రాస్తారు. దీని అంచులు కింది పక్కటెముకలకు, రొమ్ము ఎముక దిగువ భాగానికి, వెన్నెముకకు అతుక్కుని ఉంటాయి. నడిమి భాగంలో కండరం ఉండదు. అక్కడ గట్టి స్నాయువు పొర ఉంటుంది. కుడివైపు కాలేయం కింద నుంచి ఆనుకుని ఉండటం వల్ల ఆ వైపు గొడుగు కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఎడమవైపు దాని కింద జీర్ణాశయం, ప్లీహం, పెద్దపేగు మలుపు ఉంటాయి.

శ్వాస పీల్చినప్పుడు ఈ కండరం సంకోచించి కిందికి దిగుతుంది. ఛాతీలో చోటు పెరిగి ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. వదిలినప్పుడు మళ్లీ పైకి లేస్తుంది. పుట్టినప్పటి నుంచి చివరి శ్వాస వరకు ఇది విశ్రాంతి లేకుండా కదులుతూనే ఉంటుంది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. గాయం మానడం గురించి చెప్పుకునేటప్పుడు దీని అవసరం వస్తుంది.

ఉదరవితానం నిండుగా మూసుకుపోయిన గోడ కాదు. దీనిలో మూడు ముఖ్యమైన మార్గాలున్నాయి:

1. అధో మహాసిర వెళ్లే మార్గం: ఎనిమిదో ఉరః కశేరుకం ఎత్తులో ఉంటుంది.
2. ఆహారవాహిక వెళ్లే మార్గం: పదో ఉరః కశేరుకం ఎత్తులో ఉంటుంది. దీన్నే 'హయాటస్' అంటారు. ఆహారవాహికతో పాటు వేగస్ నాడులు కూడా ఇందులోంచే వెళ్తాయి.
3. మహాధమని వెళ్లే మార్గం: పన్నెండో ఉరః కశేరుకం ఎత్తులో, ఉదరవితానానికి వెనుక భాగంలో ఉంటుంది.

వీటిలో రెండో మార్గం ప్రత్యేకమైనది. దాని చుట్టూ కండరపు పోగులు ఉచ్చులా ఉంటాయి. ఆహారవాహికను ఆ ఉచ్చుకు ఒక సాగే పొర కలిపి ఉంచుతుంది. మింగేటప్పుడు ఆహారవాహిక కొద్దిగా పైకి కదిలి మళ్లీ స్వస్థానానికి రావడానికి ఈ పొరే తోడ్పడుతుంది. కదలడానికి వీలుండాలి, జారిపోకూడదు. ఈ రెండు అవసరాలనూ ఒకే చోట తీర్చవలసి రావడమే ఆ మార్గపు బలహీనత.

ఇక పీడనం సంగతి చూద్దాం. ఛాతీ లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే కొంచెం తక్కువగా ఉంటుంది. పొట్ట లోపలి పీడనం కొంచెం ఎక్కువగా ఉంటుంది. మామూలు శ్వాసలో ఈ రెండింటి మధ్య తేడా సుమారు 7 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. బలంగా శ్వాస లోనికి లాగినప్పుడు అది 100 సెంటీమీటర్లు కూడా దాటవచ్చు. అంటే పొట్టలోని అవయవాలను పైకి తోసే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఆపుతున్నది ఈ పలుచని కండరమే.

14.3 హయాటస్ హెర్నియా

ఒక అవయవం తాను ఉండవలసిన గదిని దాటి, గోడలోని బలహీనమైన చోటు గుండా మరో చోటికి జారడాన్ని హెర్నియా అంటారు. గజ్జల్లో వచ్చే హెర్నియాను మన ఊళ్లలో 'పేగు జారింది' అంటారు. ఆ జారుడు బయటికి ఉబ్బుగా కనిపిస్తుంది. జీర్ణాశయంలోని కొంత భాగం ఆహారవాహిక మార్గం గుండా ఛాతీలోకి జారితే అది హయాటస్ హెర్నియా. ఇది బయటికి కనిపించదు.

14.3.1 రకాలు

మొదటి రకం 'జారుడు' హెర్నియా. ఇందులో ఆహారవాహిక, జీర్ణాశయం కలిసే చోటే పైకి జారుతుంది. నూటికి తొంభైకి పైగా హయాటస్ హెర్నియాలు ఈ రకానివే. చాలామందిలో ఏ బాధా ఉండదు. కొందరిలో ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీ మంట, పుల్లని త్రేన్పులు వస్తాయి.

రెండో రకంలో కలిసే చోటు కదలదు. జీర్ణాశయం పై భాగం ఆహారవాహిక పక్కనుంచి ఛాతీలోకి దూరుతుంది. మూడో రకం ఈ రెండూ కలిసినది. నాలుగో రకంలో జీర్ణాశయంతో పాటు పెద్దపేగు వంటి ఇతర అవయవాలు కూడా పైకి వెళ్తాయి. ఈ చివరి మూడు రకాలూ అరుదు. కానీ వీటిలో జీర్ణాశయం మెలిపడే ప్రమాదం ఉంటుంది. భోజనం తరువాత ఛాతీలో బరువు, ఆయాసం, కారణం తెలియని రక్తహీనత వీటికి సూచనలు కావచ్చు.

14.3.2 సాధారణ కారణాలు

హయాటస్ హెర్నియా సాధారణంగా ఒక్క రోజులో వచ్చేది కాదు. వయసు పెరిగే కొద్దీ ఆహారవాహికను పట్టి ఉంచే పొరలో సాగే గుణం తగ్గుతుంది. ఉచ్చు వదులవుతుంది. దానికి తోడు పొట్టలో పీడనం తరచూ పెరుగుతుంటే జారుడు మొదలవుతుంది. ఊబకాయం, గర్భం, దీర్ఘకాలపు దగ్గు, మలబద్ధకం వల్ల రోజూ ముక్కడం ఇటువంటివి. వెన్ను బాగా వంగిపోయిన వృద్ధుల్లోనూ, ఆ భాగంలో ఇంతకుముందు శస్త్రచికిత్స జరిగినవారిలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ పొర బలహీనంగా ఉంటుంది.

ఖమ్మం మిర్చి మార్కెట్లో ఏళ్ల తరబడి బస్తాలు మోసే హమాలీని తీసుకోండి. ప్రతి బస్తా ఎత్తేటప్పుడూ ఆయన పొట్టలో పీడనం పెరుగుతుంది. ఇది ఒక్క పెద్ద దెబ్బ కాదు, వేల చిన్న ఒత్తిళ్లు. బరువులెత్తడం తోడ్పడే కారణం కావచ్చు గాని, అదొక్కటే కారణమని ఒక వ్యక్తి విషయంలో నిరూపించడం కష్టం. అదే వయసులో, ఏ బరువూ ఎత్తని గుమాస్తాలోనూ ఈ హెర్నియా ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
గమనిక: మీ సమాధానాలను 14.9లో ఇచ్చిన వాటితో పోల్చుకోండి.
1. ఆహారవాహిక మార్గం ఏ కశేరుకం ఎత్తులో ఉంటుంది?
2. హయాటస్ హెర్నియాల్లో అత్యధికంగా కనిపించే రకం ఏది?

14.4 గాయం ఉదరవితానాన్ని ఏం చేస్తుంది?

ఇప్పుడు దెబ్బ సంగతికి వద్దాం. గాయాలను ఇక్కడ రెండు రకాలుగా చూడాలి.

14.4.1 మూగదెబ్బ

చర్మం తెగకుండా లోపల నష్టం చేసే దెబ్బను మూగదెబ్బ అంటాం. వాహనం ఢీకొనడం, ఎత్తునుంచి పడటం, బరువు కింద నలగడం ఇటువంటివి. పొట్టమీద ఒక్కసారిగా బలం పడినప్పుడు లోపలి పీడనం క్షణంలో పెరుగుతుంది. అది బయటికి పోయే దారి లేక ఉదరవితానాన్ని పైకి నెడుతుంది. కండరం ఆ వేగానికి తట్టుకోలేకపోతే చిరుగుతుంది. పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు పక్కటెముకల గూడు వంగి, దానికి అతుక్కున్న కండరం చీలవచ్చు. అందుకే ఎదురుగా ఢీకొన్నప్పటి కంటే పక్కనుంచి ఢీకొన్నప్పుడు ఈ చిరుగు ఎక్కువ.

మూగదెబ్బ వల్ల ఏర్పడే చిరుగుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఎడమవైపే ఉంటాయి. కుడివైపు కాలేయం మెత్తలా అడ్డుపడి దెబ్బను పంచుకుంటుంది. ఎడమవైపు ఆ రక్షణ లేదు. పైగా గర్భంలో పిండం పెరిగేటప్పుడు ఉదరవితానం కొన్ని భాగాలు కలిసి ఏర్పడుతుంది. ఎడమ వెనుక భాగంలోని అతుకు కొంత బలహీనమైనది. ఈ చిరుగులు తరచుగా 10 సెంటీమీటర్ల వరకు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటాయి.

ఒక విషయం గమనించండి. ఈ చిరుగు సాధారణంగా పడేది గొడుగు పక్క, వెనుక భాగాల్లో. ఆహారవాహిక వెళ్లే మార్గం మధ్యలో, వెన్నెముకకు దగ్గరగా ఉంది. అంటే దెబ్బకు చిరిగే చోటు వేరు, హయాటస్ హెర్నియా వచ్చే చోటు వేరు.

14.4.2 పొడుపు గాయం

కత్తి, తుపాకీ గుండు, ఎద్దు కొమ్ము వంటివి గుచ్చుకున్నప్పుడు ఉదరవితానంలో చిన్న రంధ్రం పడవచ్చు. అది ఒకటి రెండు సెంటీమీటర్లే ఉండవచ్చు. గాయం ఛాతీ దిగువన ఉన్నా సరే, శ్వాస వదిలినప్పుడు ఉదరవితానం బాగా పైకి లేచి ఉంటుంది కనుక దానికీ తగిలి ఉండవచ్చు. పైనున్న చర్మం కుట్లతో మానిపోతుంది. లోపలి చిన్న రంధ్రం ఎవరి కంటా పడకుండా మిగిలిపోతుంది.

14.4.3 మూడు దశలు

చేతికి తగిలిన గాయం మానినట్టు ఉదరవితానపు చిరుగు తనంతట తాను మానదు. ఎందుకంటే అది క్షణం కూడా కదలకుండా ఉండదు. పైగా పీడనాల తేడా వల్ల పొట్టలోని కొవ్వు, పేగు ఆ చిరుగులోకి చొచ్చుకుని అంచులను కలవనివ్వవు. రోజులు గడిచే కొద్దీ చిన్న చిరుగు పెద్దదవుతుంది.

1974లో శస్త్రచికిత్స నిపుణుడు గ్రైమ్స్ ఈ గాయం నడకను మూడు దశలుగా వర్ణించాడు. అవి:

తొలి దశ: గాయమైన నాటి నుంచి తక్షణ చికిత్స ముగిసే వరకు. ప్లీహం పగలడం, పక్కటెముకలు విరగడం వంటి పెద్ద గాయాల హడావుడిలో ఉదరవితానపు చిరుగు మరుగున పడవచ్చు.

గుప్త దశ: రోగి కోలుకుని పనిలో చేరతాడు. అప్పుడప్పుడు పొట్ట పైభాగంలో నొప్పి, భోజనం తరువాత ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి రావచ్చు. ఏమీ లేకపోనూ వచ్చు. ఈ దశ నెలలు, ఏళ్లు, కొందరిలో దశాబ్దాలు సాగుతుంది.

అవరోధ దశ: జీర్ణాశయమో పేగో చిరుగులో ఇరుక్కుంటుంది. ఆహారం కదలదు. రక్తప్రసరణ ఆగిపోతే ఆ భాగం కుళ్లుతుంది. ఇది ప్రాణాపాయ స్థితి.

భుజంలో నొప్పి ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఉదరవితానానికి వెళ్లే ఫ్రెనిక్ నాడి మెడలోని మూడు, నాలుగు, ఐదో నాడుల నుంచి పుడుతుంది. భుజపు చర్మానికి వెళ్లే నాడులూ ఆ ప్రాంతం నుంచే వస్తాయి. అందువల్ల మెదడు ఉదరవితానం నొప్పిని భుజం నొప్పిగా గ్రహిస్తుంది.

14.4.4 చరిత్ర చెప్పే సాక్ష్యం

గాయం వల్ల వచ్చే ఉదరవితాన హెర్నియా వైద్యానికి కొత్త కాదు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1579లో ఒక సైనికాధికారి ఉదంతాన్ని నమోదు చేశాడు. అతనికి తుపాకీ గుండు తగిలింది, కోలుకున్నాడు. ఎనిమిది నెలల తరువాత తీవ్రమైన పొట్ట నొప్పితో మరణించాడు. శవపరీక్షలో పెద్దపేగు ఛాతీలోకి దూరి ఇరుక్కుపోయి కనిపించింది. అది దూరిన రంధ్రంలో చిటికెన వేలి కొన మాత్రమే పట్టిందట. గ్రైమ్స్ చెప్పిన మూడు దశలూ ఆ ఒక్క ఉదంతంలో ఉన్నాయి.

1853లో బోస్టన్ వైద్యుడు హెన్రీ ఇంగర్‌సాల్ బౌడిచ్ ఉదరవితాన హెర్నియా మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఈ గాయాన్ని రోగి బతికుండగానే గుర్తించిన ఘనతను ఆయనకు ఇస్తారు. 1886లో రియోల్ఫీ దీన్ని శస్త్రచికిత్సతో విజయవంతంగా సరిచేశాడు.

హయాటస్ హెర్నియా చరిత్ర దారి వేరు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రేను కనుగొన్న తరువాతే, బేరియం తాగించి జీర్ణాశయాన్ని చూసే పద్ధతి వచ్చాకే, అది బతికున్నవారిలో ఎంత సాధారణమో తెలిసింది. 1926లో స్వీడన్ వైద్యుడు ఆకర్లుండ్ దాన్ని రకాలుగా విభజించాడు. 1951లో ఇంగ్లండ్‌లో ఫిలిప్ ఆలిసన్ ఈ హెర్నియాకూ, ఆమ్లం ఎగదన్నడానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టం చేశాడు. 1956లో రుడాల్ఫ్ నిస్సెన్ జీర్ణాశయపు పై భాగాన్ని ఆహారవాహిక చుట్టూ చుట్టి కుట్టే శస్త్రచికిత్సను ప్రకటించాడు. ఒకటి యుద్ధభూమిలో, శవపరీక్ష బల్ల మీద తెలిసిన గాయం. మరొకటి ఎక్స్-రే గదిలో తెలిసిన వ్యాధి. రెండింటికీ 'హెర్నియా' అన్న మాట ఉమ్మడి కావడం వల్లే గందరగోళం పుడుతున్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II
3. మూగదెబ్బ వల్ల ఉదరవితానం ఎడమవైపే ఎక్కువగా ఎందుకు చిరుగుతుంది?
4. ఉదరవితానపు చిరుగు తనంతట తాను ఎందుకు మానదు?

14.5 అసలు ప్రశ్నకు సమాధానం

ఇప్పటివరకు చదివినదాన్ని బట్టి మన ప్రశ్నకు మూడు భాగాలుగా సమాధానం చెప్పవచ్చు.

ఒకటి: సాధారణంగా కనిపించే జారుడు రకం హయాటస్ హెర్నియాకు ఒక్క దెబ్బ కారణం కావడం చాలా అరుదు. అది ఏళ్ల మీద పొర సడలడం వల్ల వచ్చేది. మామూలుగా జారిపడటం, చిన్న గుద్దు వంటివి దానికి కారణమని చెప్పడానికి ఆధారం ఉండదు.

రెండు: బలమైన దెబ్బ ఉదరవితానాన్ని చించగలదు. ఆ చిరుగు గుండా జీర్ణాశయం ఛాతీలోకి వెళ్లగలదు. కానీ దాని సరైన పేరు 'గాయం వల్ల ఏర్పడిన ఉదరవితాన హెర్నియా'. రోగి వర్ణించే బాధలు రెండింటిలోనూ ఒకేలా ఉండవచ్చు. చికిత్స మాత్రం ఒకేలా ఉండదు. జారుడు హెర్నియా ఉన్నవారిలో చాలామందికి ఆహార నియమాలు, బరువు తగ్గడం, మందులు సరిపోతాయి. చిరుగు ఉన్నవారికి సాధారణంగా శస్త్రచికిత్స చేసి దాన్ని మూయవలసి ఉంటుంది.

మూడు: ఈ రెండింటికీ మధ్య ఒక సన్నని ప్రాంతం ఉంది. తీవ్రమైన దెబ్బకు ఆహారవాహిక మార్గపు అంచే చిరిగి, నిజంగానే హయాటస్ గుండా జీర్ణాశయం పైకి వెళ్లిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అవి చాలా కొద్ది. అప్పటికే వదులుగా ఉన్న మార్గం, చిన్న హెర్నియా, దెబ్బవల్ల పెరిగిన పీడనంతో పెద్దదయ్యే అవకాశమూ ఉంది. కనుక 'అసాధ్యం' అనకూడదు. 'అరుదు, నిరూపణ అవసరం' అనాలి.

14.6 కారణాన్ని నిర్ణయించడం ఎలా?

కారణ నిర్ణయానికి శాస్త్రం కొన్ని మెట్లు నేర్పింది. 1965లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ సంబంధం కారణమా కాదా అని తూచడానికి తొమ్మిది దృక్కోణాలు సూచించాడు. ఆయన చెప్పినవి జనసమూహాల అధ్యయనాలకు సంబంధించినవి. అయినా వాటిలోని కాలక్రమం, బలం, జీవశాస్త్రపరమైన సంభావ్యత అన్న మూడు ఒక రోగి విషయంలోనూ మనకు దారి చూపుతాయి.

కాలక్రమం అంటే కారణం ముందు, ఫలితం తరువాత ఉండటం. ఇక్కడే మనం తరచుగా పొరబడతాం. దెబ్బ తరువాత హెర్నియా 'కనిపించింది' అంటే దెబ్బ తరువాత హెర్నియా 'వచ్చింది' అని అర్థం కాదు. ప్రమాదం జరిగినందువల్లే సీటీ స్కాన్ తీశారు. స్కాన్ తీసినందువల్లే అప్పటికే ఉన్న హెర్నియా బయటపడింది. ప్రమాదం దాన్ని కల్పించలేదు, కనిపింపజేసింది. యాభై ఏళ్లు దాటినవారిలో హయాటస్ హెర్నియా సాధారణం కనుక ఈ అవకాశాన్ని మొదట పరిశీలించాలి.

బలం అంటే ఇక్కడ దెబ్బ తీవ్రత. ఉదరవితానాన్ని చించేంత బలం సాధారణంగా పక్కటెముకలను, ప్లీహాన్ని, కాలేయాన్ని, కటి ఎముకలను కూడా వదలదు. ఏ ఇతర గాయమూ లేకుండా ఉదరవితానం ఒక్కటే మూగదెబ్బకు చిరగడం అరుదు.

సంభావ్యత తేల్చడానికి శరీరంలోనే ఆధారాలు దొరుకుతాయి. అవయవాలు ఏ దారిలో వెళ్లాయి? ఆహారవాహిక మార్గం గుండానా, పక్కనున్న చిరుగు గుండానా? హయాటస్ హెర్నియాకు పొట్ట లోపలి పొరతో ఏర్పడిన సంచి ఉంటుంది. గాయపు హెర్నియాకు సాధారణంగా ఆ సంచి ఉండదు. ఎందుకంటే పొర కూడా కండరంతో పాటే చిరిగింది. సీటీ స్కాన్‌లో చిరిగిన అంచు, దాని దగ్గర నొక్కుకుపోయిన జీర్ణాశయం కనిపించవచ్చు. ప్రమాదానికి ముందు తీసిన ఎక్స్-రే గాని స్కాన్ గాని ఉంటే అది అన్నిటికంటే విలువైన సాక్ష్యం.

ఈ మెట్లను అన్వయించడానికి మూడు ఊహా ఉదాహరణలు చూడండి.

(అ) 58 ఏళ్ల కిరాణా వ్యాపారి. బరువు ఎక్కువ. స్కూటర్ మీంచి పడి మోకాలికి దెబ్బ తగిలింది. రెండు నెలలకు ఛాతీ మంట. ఎండోస్కోపీలో చిన్న జారుడు హెర్నియా. దెబ్బ పొట్టకు తగలలేదు. వయసు, బరువు కారణాలుగా ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం.

(ఆ) 32 ఏళ్ల ట్రాక్టర్ డ్రైవర్. నాలుగేళ్ల క్రితం ట్రాక్టర్ కింద నలిగి ఎడమ పక్కటెముకలు విరిగాయి. అప్పటినుంచి భోజనం తరువాత ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి. ఇప్పుడు ఒక్కసారిగా వాంతులు, ఛాతీ నొప్పి. ఇది అవరోధ దశ కావచ్చు. గ్యాస్ మాత్రతో ఇంట్లో ఉండవలసిన సమయం కాదు.

(ఇ) 45 ఏళ్ల గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడ్డాడు. స్కాన్‌లో ఆహారవాహిక పక్కనుంచి జీర్ణాశయం పైకి వెళ్లి ఉంది. పక్కటెముకలూ విరిగాయి. సంచి ఉందా, అంచు కొత్తగా చిరిగిందా, పాత స్కాన్లు ఉన్నాయా అని చూసి గాని నిర్ణయించలేం. ఇక్కడ 'ఇంకా తేలలేదు' అన్నదే శాస్త్రీయమైన సమాధానం.

14.7 ఈ జ్ఞానం మనకు ఎందుకు?

ఈ విషయం వైద్యులకే పరిమితం కాదు. మీలో కొందరు ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ ఉద్యోగులు. ఊళ్లో ఒకరికి దెబ్బ తగిలినప్పుడు మొదట పిలుపు వచ్చేది మీకే. అందువల్ల కింది విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, ఛాతీకి, పొట్టకు బలమైన దెబ్బ తగిలినవారు బయటికి బాగానే కనిపించినా ఆసుపత్రికి పంపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ ఇందుకే ఉంది. ఆసుపత్రికి చేరేలోగా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. పొట్ట రుద్దించకూడదు. గుచ్చుకున్న వస్తువును లాగకూడదు.

రెండోది, పాత దెబ్బను డాక్టరుకు చెప్పాలి. పదేళ్ల నాటిదైనా సరే. మొదటి ఎక్స్-రేలో ఉదరవితానపు చిరుగు కనబడకపోవడం మామూలే. ఛాతీలోకి వచ్చిన జీర్ణాశయం ఎక్స్-రేలో గాలి బుడగలా కనిపించి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిగా పొరపాటు పడే వీలుంది. అలా పొరబడి గొట్టం వేస్తే జీర్ణాశయమే చిల్లు పడవచ్చు. 'నాకు అప్పట్లో పెద్ద యాక్సిడెంట్ అయింది' అన్న ఒక్క మాట డాక్టరు ఆలోచనను సరైన దారిలో పెడుతుంది.

మూడోది, కాగితాలు దాచుకోవాలి. గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి పత్రం, ఎక్స్-రేలు, స్కాన్లు పోగొట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం, 1988 కింద ప్రమాద పరిహారం కోరే బాధితుడు తన గాయం ఆ ప్రమాదం వల్లే కలిగిందని చూపవలసి ఉంటుంది. ఏళ్ల తరువాత బయటపడిన చిరుగు విషయంలో ఆ పాత కాగితాలే సాక్ష్యం. న్యాయమైన హక్కు నిలబడటానికీ, లేని సంబంధాన్ని అంటగట్టకుండా ఉండటానికీ కూడా అవే ఆధారం.

నాలుగోది, ఛాతీ నొప్పిని ఇంట్లోనే 'గ్యాస్' అని తేల్చవద్దు. గుండెపోటు కూడా అలాగే మొదలవుతుంది. చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకూడదు.

14.8 సారాంశం

ఉదరవితానం ఛాతీని, పొట్టను వేరుచేసే కండరం. ఆహారవాహిక వెళ్లే సహజ మార్గం సడలి జీర్ణాశయం పైకి జారితే అది హయాటస్ హెర్నియా. దానికి వయసు, ఊబకాయం, పదేపదే పెరిగే పొట్ట పీడనం ముఖ్య కారణాలు. బలమైన దెబ్బ ఉదరవితానంలో కొత్త చిరుగును కల్పించగలదు. అది ఎక్కువగా ఎడమవైపు, ఆహారవాహిక మార్గానికి దూరంగా పడుతుంది, తనంతట మానదు, ఏళ్ల తరువాత ప్రాణాపాయం తేవచ్చు. దెబ్బవల్ల నిజమైన హయాటస్ హెర్నియా రావడం సాధ్యమే గాని చాలా అరుదు. ఒక వ్యక్తి విషయంలో కారణాన్ని నిర్ణయించడానికి దెబ్బ తీవ్రత, చోటు, తోడు గాయాలు, సంచి ఉండటం లేకపోవడం, ప్రమాదానికి ముందు నాటి పరీక్షలు చూడాలి. దెబ్బ తరువాత కనిపించిందన్న ఒక్క కారణం చాలదు.

14.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. పదో ఉరః కశేరుకం ఎత్తులో.
2. మొదటి రకం, అంటే జారుడు హెర్నియా.
3. కుడివైపు కాలేయం దెబ్బను పంచుకుంటుంది. ఎడమవైపు ఆ రక్షణ లేదు. పిండ దశలో ఏర్పడిన ఎడమ వెనుక అతుకు కూడా బలహీనమైనది.
4. ఉదరవితానం నిరంతరం కదులుతుంది. పీడనాల తేడావల్ల పొట్టలోని భాగాలు చిరుగులోకి చొచ్చుకుని అంచులను కలవనివ్వవు.

14.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. హయాటస్ హెర్నియాకూ, గాయం వల్ల ఏర్పడే ఉదరవితాన హెర్నియాకూ ఉన్న భేదాలను వివరించండి.
2. 'దెబ్బ తగిలితే హయాటస్ హెర్నియా వస్తుంది' అనే అభిప్రాయాన్ని కారణ నిర్ణయ సూత్రాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఉదరవితానపు గాయంలోని మూడు దశలు ఏవి?
2. మీ ఊళ్లో పొట్టకు బలమైన దెబ్బ తగిలిన వ్యక్తికి మీరు ఎలా సహాయపడతారు?

14.11 ముఖ్య పదాలు

ఉదరవితానం: ఛాతీకి, పొట్టకు మధ్యనున్న శ్వాస కండరం.
హయాటస్: ఉదరవితానంలో ఆహారవాహిక వెళ్లే మార్గం.
మూగదెబ్బ: చర్మం తెగకుండా లోపలి భాగాలకు నష్టం కలిగించే దెబ్బ.
గుప్త దశ: గాయం ఉన్నా లక్షణాలు స్పష్టంగా బయటపడని కాలం.
కాలక్రమం: కారణం ముందు, ఫలితం తరువాత ఉండవలసిన వరుస.